పరీక్షకు కావలసిన నోరు

సంచి నేనే సర్దాను. మా ఇంట్లో ఎవరు ఊరికి వెళ్లినా సంచి సర్దేది నేనే. అడుగున రెండు జతల బట్టలు, వాటి మీద తువ్వాలు, పక్కన వేయించి విసిరిన పిండి పొట్లం. నీళ్లలో కలుపుకుని తాగితే ఒక పూట గడుస్తుంది. బాకా దాని పెట్టెలోనే ఉంది. అన్నిటి కంటే చివర మూత బిగుతుగా ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో నీళ్లు, నీళ్లలో పళ్లు. తలకిందులు చేసి చూశాను, కారలేదు. సంచి మూతి కట్టేశాక మళ్లీ విప్పి ఇంకోసారి చూశాను.

"అక్కా, నాలుగోసారి చూస్తున్నావు. పళ్లు ఈదుకుంటూ పారిపోవులే," అన్నాడు తమ్ముడు.

అప్పుడే జావ తాగి లేచాడు కనుక నోట్లో పళ్లు లేవు. లోకంలో ఎవరైనా తినడానికి పళ్లు పెట్టుకుంటారు. మా తమ్ముడు తినేటప్పుడు తీసి డబ్బాలో పెట్టేవాడు. అలా ఎందుకయిందో చెప్పాలంటే నాలుగు నెలలు వెనక్కి వెళ్లాలి.

నేను పుస్తకాలు కుట్టే షెడ్డులో కాగితాలు మడతపెట్టేదాన్ని. బడికి పోలేదు. అక్షరాలు నేర్చుకున్నది ఆ కాగితాల మీదే. మడవని కాగితం మీద మొదటి పుట పక్కనే పదహారో పుట ఉంటుంది. అందుకని నేను చదివిన కథలన్నిటికీ చివర ఏమవుతుందో నాకు ముందే తెలిసిపోయేది. మధ్యలో ఏమయిందో తెలియడానికే చదివేదాన్ని. ఇదీ అలాగే చెబుతున్నాను.

తమ్ముడు డేరా ఆటల మేళంలో బాకా ఊదేవాడు. ఇరవై ఆరేళ్లు ఊదాడు. అందరూ అతన్ని కూడా బాకా అనే పిలిచేవారు. ఎనిమిది నెలలు డేరాతో ఊళ్లు తిరగడం, వానాకాలం నాలుగు నెలలూ డేరా మా ఊరి చివర గోదాములో ముడుచుకుంటే నా దగ్గర ఉండడం. ఏటా వచ్చేవాడు. ఏటా వచ్చాక గానీ నాకు గుండె కుదురుకునేది కాదు. ఎనిమిదేళ్ల వయసులో మా నాన్న సంచి నేనే సర్దాను. ఇరవై మూడేళ్లకు మా ఆయన సంచి సర్దాను. వాళ్ల గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

ఆ ఏడు తమ్ముడు దవడ వాచి వచ్చాడు. పై వరసలో ముందు పన్ను కదులుతోంది. మరునాడే పెద్దాసుపత్రి పళ్ల విభాగానికి వెళ్లి పీకించుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. అక్కడ పీకించుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. రోజూ వరస ఉంటుంది, ఉచితం, పదకొండు గంటలకల్లా పని అయిపోతుంది. ఉన్న పన్నును బాగుచేయించుకోవడానికి మాత్రం చీటీ రాసి ఆరు నెలల తర్వాతి తేదీ ఇస్తారు. ఆరు నెలలకు తమ్ముడు ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికి తెలుసు? అందుకని నొప్పి పుట్టినప్పుడల్లా ఒకటి చొప్పున పీకించుకుంటూ వచ్చాడు. బజారులో అద్దాల తలుపు పళ్ల డాక్టరు ఉన్నాడు గానీ ఆ తలుపు మేము తోసింది లేదు. ఈ ముందు పన్ను పోయాక నోట్లో ఐదు మిగిలాయి. ఐదూ గట్టివే.

పుండు మానాక బాకా అందుకున్నాడు. పాట రాలేదు. సందులోంచి గాలి బుస్సుమంది. పెదవి సర్ది మళ్లీ ఊదాడు. మళ్లీ బుస్సే.

"పాముల్ని ఆడించడానికి పనికొస్తుంది," అన్నాడు.

నేను నవ్వాను. అతను కూడా నవ్వాడు. మరునాటి నుంచి ఊదలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని బాకాను మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. మీటలు నొక్కి వదిలేవాడు. మళ్లీ తుడిచి పెట్టెలో పెట్టేవాడు. నేను పనికి వెళ్లేటప్పుడు కూర్చున్న చోటే సాయంత్రం వచ్చేసరికీ ఉండేవాడు. చెప్పకూడదు గానీ, ఆ మొదటి వారం నాకు ఒక మూల హాయిగానే ఉంది. పళ్లు లేకపోతే డేరా లేదు. డేరా లేకపోతే సంచి సర్దే పని లేదు. రెండో వారం నుంచి ఆ హాయి పోయింది. మనిషి ఇంట్లో ఉన్నాడు గానీ లేడు.

మేళం మాస్టారు ఒకరోజు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. తమ్ముడు ఊదితే విన్నాడు. గొడుగు నీళ్లు గడప మీద మడుగు కట్టాయి.

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది కదరా బాకా," అన్నాడు చివరికి. "వానలు వెలిశాక పన్నెండో రోజు బయలుదేరతాం. ఆ వేళకి ఊదగలిగితే నీ కుర్చీ నీది. లేకపోతే చిన్నవాడెవణ్ణో చూసుకోవాలి. నా మీద కోపం పెట్టుకోకు."

"కోపమెందుకు మాస్టారూ. పళ్లు నూరడానికి పళ్లుండాలిగా," అన్నాడు తమ్ముడు.

మరుసటి సోమవారం షెడ్డుకు సెలవు పెట్టి అతని వెంట ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి బోర్డులు నేను చదువుతాను కదా అని ధైర్యం. చీటీలు రాసే గుమాస్తా తలెత్తకుండా అడిగాడు.

"పీకించుకోడానికా, కట్టించుకోడానికా?"

"కట్టించుకోడానికండి."

"నోట్లో ఎన్నున్నాయి?"

"ఐదు."

"ఐదా! అయితే మధ్యమధ్య కట్టాలి. పేరు రాసుకుంటా. పై ఏడాది కాదు, ఆపై ఏడాది రండి."

"అంతకాలమా? మరి అసలు పళ్లే లేనివాళ్లకి?"

ఇప్పుడు తలెత్తాడు. "అసలు లేకపోతే అదృష్టవంతులే అమ్మా. ఈ వానల చివర డాక్టరు చదివే పిల్లలకి పరీక్షలు. ఒక్కొక్కరూ ఒక బోసినోరు తెచ్చుకుని, దానికి రెండు వరసలూ కట్టి చూపించాలి. నోళ్ల కోసం కొట్టుకు చస్తున్నారు. మూడు నెలల్లో పళ్లు పెట్టి పంపిస్తారు. ఒక్క పన్ను ఉన్నా పనికిరాదు."

నిజమే. వసారాలో తెల్లకోటు వేసుకున్న పిల్ల ఒకతె వరసలో కూర్చున్న ముసలివాళ్ల దగ్గర ఆగి, "తాతగారూ, ఒకసారి నవ్వండి," అంటోంది. ఆయన నవ్వితే రెండు పళ్లు కనిపించాయి. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. తర్వాతి మనిషి దగ్గరికి వెళ్లింది. మా దాకా వచ్చింది. తమ్ముడు అడగకముందే నోరు తెరిచాడు.

"అయ్యో, ఐదు!" అంది. వేలితో ఒక్కొక్కటీ కదిపి చూసింది. "అందులోనూ మంచి పళ్లు."

"ఈ ఐదూ లేకపోతే నన్ను తీసుకుంటారా డాక్టరమ్మా?"

"ఉన్న పళ్లు లేకపోవడమేంటండీ? అలాంటి మాట నాతో అనకండి," అని రెండడుగులు వేసింది. మళ్లీ వెనక్కి తిరిగింది. "నేను పీకించుకోమని చెప్పలేదు. చెప్పలేదు కదూ? కానీ చిగుళ్లు మానడానికి ఎనిమిది వారాలు పడుతుంది."

ఆ రాత్రి ఏమీ తేలలేదు, ఆ వారం కూడా ఏమీ తేలలేదు. తొమ్మిదో రోజు పొద్దున తమ్ముడు చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు కదా. నువ్వొస్తావా, నన్నొక్కణ్ణే పొమ్మంటావా?"

వెళ్లాను.

పీకే గదిలో కుర్చీలు ఆరు. డాక్టరు పెద్దవాడు, అలసిన మనిషి. ఇనుప పుల్లతో ఒక్కొక్క పన్నునూ తట్టాడు. తట్టినప్పుడల్లా తమ్ముడు కుర్చీలో ఎగిరిపడ్డాడు. ఇరవై ఆరేళ్లు మేళంలో ఉన్నవాడికి ఏ దెబ్బకు ఎక్కడ అందుకోవాలో ఒకరు చెప్పాలా?

"ఐదూ నొప్పేనా?"

"ఐదూనండి."

"రాళ్లలా ఉన్నాయయ్యా ఇవి." డాక్టరు పుల్ల పక్కన పెట్టి నావైపు తిరిగాడు. "మీరేమవుతారు?"

"అక్కనండి."

"రాత్రిళ్లు పడుకుంటున్నాడా?"

పడుకోవడం లేదు. అది నిజం. అర్ధరాత్రి లేచి చూసినా కిటికీ దగ్గరే ఉండేవాడు. "లేదండి," అన్నాను.

"ఈ నొప్పితోనేనా?"

తమ్ముడు నా ముఖంలోకి చూడలేదు. పైనున్న దీపంవైపు చూస్తూ నోరు తెరుచుకుని ఉన్నాడు. కాదండి అని ఒక్క మాట అంటే అతను ఐదు పళ్లతో నా ఇంట్లోనే ఉంటాడు. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

"అవునండి," అన్నాను.

ఆ రోజు మూడు పీకారు. వారం తర్వాత రెండు.

ఎనిమిది వారాలు జావతో గడిచాయి. తమ్ముడి ముఖం కిందికి దిగి, ముక్కూ గడ్డమూ ఒకదాన్నొకటి పలకరించుకునేట్టు అయింది. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, నాకు పెదనాన్నలా కనిపించేవాడు. షెడ్డులో ఒకామె, మీ ఇంటికి ఎవరో పెద్దాయన వచ్చారట కదా అని అడిగింది. అవునన్నాను.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి రావడం మొదలైంది. నోట్లో ముద్ద పెట్టి చిగుళ్ల అచ్చు తీసింది. ఇంకో రోజు మైనం దిమ్మలు పైనా కిందా అమర్చి, "ఇప్పుడు మామూలుగా నోరు మూయండి," అంది. ఏ పన్ను ఏ పన్నుకు ఎదురు రావాలో దాన్ని బట్టే కొలుచుకుంటారట. తమ్ముడు నడుం నిటారుగా పెట్టి, ఊపిరి పట్టి, నోరు మూశాడు. ఆ పిల్ల గీత గీసి, తీసి, మళ్లీ మూయమంది. మళ్లీ అక్కడే పడింది. పదిసార్లు మూయించింది. పదిసార్లూ వెంట్రుకవాసి తేడా లేదు.

"మిగతావాళ్లు ఒక్కోసారి ఒక్కోచోట మూస్తారండీ, చంపేస్తారు. ఇలాంటి నోరు దొరకడం నా అదృష్టం," అంది నాతో.

"శ్రుతి అంటే శ్రుతే డాక్టరమ్మా. తప్పితే మాస్టారు బెత్తం పుచ్చుకునేవారు," అన్నాడు తమ్ముడు మైనం మధ్య నుంచి.

ఇంట్లో కూడా సాధన చేసేవాడు. అద్దం ముందు నిలబడి నోరు తెరవడం, మూయడం. ఆ పిల్లకు మాట రాకూడదని అతని పట్టుదల. నేను కూరలు తరుగుతూ చూసేదాన్ని. నాకు ఏ తేడా కనిపించలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ మూతి అలాగే చూస్తున్నాను.

పరీక్ష రోజున తమ్ముడు బాకా పెట్టె కూడా తెమ్మన్నాడు. పళ్లు ఆ రోజే చేతికిస్తారు, అక్కడి నుంచి నేరుగా గోదాముకు వెళ్లి మాస్టారికి వినిపించాలని. పొడుగాటి హాలులో ఇరవై కుర్చీలు, ఇరవై ముసలి నోళ్లు, ఒక్కొక్క నోటి పక్కన ఒక్కొక్క తెల్లకోటు. తమ్ముడికి పళ్లు పెట్టారు. ముఖం మళ్లీ పైకి లేచింది. ఎనిమిదేళ్ల కిందటి మనిషి వచ్చి కూర్చున్నట్టనిపించింది. డాక్టరమ్మ నావైపు చూసి కళ్లతో నవ్వింది.

పరీక్ష చేసే పెద్ద డాక్టరు వచ్చాడు. దూరం నుంచి చూసి తలూపాడు. దగ్గరికి వచ్చి తమ్ముడి గడ్డం బొటనవేలితో పట్టుకుని, "నాలుక కొస పైకి, వెనక్కి మడవండి. అలాగే ఉంచి నోరు మూయండి," అన్నాడు.

తమ్ముడు అలాగే చేశాడు. కింది దవడ వెనక్కి జారిపోయింది. పై వరస ముందు, కింది వరస లోపల. ఒక పన్ను మీద ఇంకో పన్ను ఆనలేదు. పెద్ద డాక్టరు ఒక కాగితం ముక్క నోట్లో పెట్టి కొరకమన్నాడు. కాగితం మీద గాటు కూడా పడలేదు.

"ఇవి ఎవరి నోటికి కట్టావమ్మా?"

ఆ పిల్ల తల దించుకుంది. మెడ ఎర్రబడింది.

"నా నోటికేనండి," అన్నాడు తమ్ముడు. "మూయమంటే మూశాను. ఎప్పుడూ ఒకేచోట మూశాను. అడగండి ఆవిణ్ణి."

"ఏం పని చేస్తారు మీరు?"

తమ్ముడు నా చేతిలో పెట్టె తీసుకుని, బాకా బయటికి తీసి, నిటారుగా కూర్చుని, కింది దవడ ముందుకు తెచ్చి పెదవులు బిగించాడు. అప్పుడు చూశాను. ఆ పిల్ల కూడా అప్పుడే చూసింది. మామూలుగా మూయమన్నప్పుడల్లా అతను మూసింది బాకా మీద మూసే మూతి. అతనికి అదే మామూలు.

ఊదాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి. బుస్ లేదు. హాలు చివర కిటికీ అద్దాలు గలగలలాడాయి. మిగతా పందొమ్మిది నోళ్లూ తెరుచుకుని ఉన్నవి అలాగే ఉండిపోయాయి. రెండు వరసల పాట ఊది, బాకా ఒళ్లో పెట్టుకున్నాడు.

పెద్ద డాక్టరు చేతిలో కాగితం వంక కాసేపు చూశాడు. "ఊదడానికి బాగున్నాయి," అన్నాడు. "నా కాగితంలో ఊదడానికి గడి లేదు. నమలడానికి ఉంది. వచ్చే వానలకి మళ్లీ రామ్మా." అని రాసి పక్క కుర్చీకి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముద్ద కలిపే గిన్నెలు కడుక్కుంటూ అంది, "తప్పు నాదేనండీ. అంత కచ్చితంగా పడుతుంటే అనుమానించాల్సింది. మామూలు మనుషుల నోరు అంత కచ్చితంగా పడదు." తర్వాత తమ్ముడి ముందు చెయ్యి చాపింది. "అవి ఇచ్చేయండి. వాటితో మీరు తినలేరు."

"ఇవ్వను. ఇవి నావి."

"చిక్కిపోతారు."

"జావకి పళ్లెందుకు డాక్టరమ్మా."

ఆమె ఒక చీటీ రాసింది. వచ్చే ఏడు వానలు మొదలయ్యే నెల, రెండో సోమవారం, పది గంటలు. "నాకు మళ్లీ ఒక నోరు కావాలి. మీ నోటి సంగతి ఇప్పుడు నాకు తెలుసు కనక మీదే కావాలి. నేను కట్టి తీరాలి, మీరు వచ్చి తీరాలి. ఈసారి బాకా ఇంట్లో పెట్టి రండి."

"మాటిస్తున్నా," అన్నాడు తమ్ముడు. ఆ చీటీ నాకిచ్చాడు. కాగితాల సంగతి అక్క చూసుకుంటుందని చెప్పాడు.

వానలు వెలిశాయి. మాస్టారు పాట విని, తన పెట్టెలోంచి కొత్త టోపీ తీసి ఇచ్చాడంతే. పన్నెండో రోజు పొద్దున సంచి సర్దాను. ఎలా సర్దానో మొదటే చెప్పాను. చీటీ సంచిలో పెడదామని తీసి, పోగొడతాడేమోనని మళ్లీ నా దగ్గరే ఉంచుకున్నాను. వీధి మలుపులో డేరా లారీ ఆగి ఉంది. తమ్ముడు డబ్బా తెరిచి పళ్లు పెట్టుకున్నాడు. ముఖం లేచింది.

"తింటూ ఉండరా," అన్నాను.

"ఊదుతూ ఉంటాలే," అని వెళ్లాడు.

మరుసటి ఏడు వానలు నాలుగు రోజులు ముందే వచ్చాయి. డేరా లారీలు గోదాములోకి వెళ్లడం షెడ్డు కిటికీలోంచి చూశాను. సాయంత్రం మాస్టారు గొడుగుతో ఒక్కడే వచ్చాడు.

"తమ్ముడేడీ మాస్టారూ?"

"ఇంకా రాలేదా?" గొడుగు మూయకుండానే నిలబడ్డాడు. "ఎండాకాలంలో ఒక కూడలిలో పెద్ద డేరావాళ్లు దిగారమ్మా, మా పక్కనే. మీవాడు ఊదింది విన్నారు. మూడో రోజుకి ఎగరేసుకుపోయారు. నేనూ ఆపలేదు, అంత బాగా ఊదుతున్నవాణ్ణి ఏమని ఆపను? వానలకి అక్క దగ్గర ఉంటానన్నాడు."

"దారిలో ఉండి ఉంటాడు," అన్నాను.

రెండో సోమవారం చీటీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ వసారా చివర మైనం దిమ్మలు సిద్ధం చేసుకుని ఎదురుచూస్తోంది. "ఆయనేరీ?" అంది. వస్తున్నాడన్నాను. పది దాటింది. పదకొండు దాటింది. పీకే గదిలో వరస అయిపోయి కుర్చీలు కడిగేశారు. పన్నెండింటికి ఆ పిల్ల నా పక్కన వచ్చి కూర్చుంది.

"మీకెన్ని పళ్లున్నాయమ్మా?" అంది.

"పదకొండు."

ఆమె నవ్వింది. నేను కూడా నవ్వాను, నోరు తెరవకుండా. తర్వాత లేచి కోటు సవరించుకుని వరసవైపు నడిచింది. "తాతగారూ, ఒకసారి నవ్వండి," అనడం వినిపించింది.

తమ్ముడు వెళ్లింది వానలు వెలిసిన పన్నెండో రోజు, పొద్దున ఏడు దాటాక. ఆ మరుసటి వానాకాలం రాలేదు. తర్వాత ఇరవై రెండు వానాకాలాలు గడిచాయి. వాటిలో దేనికీ రాలేదు.